మిల్టన్ పొగిడిన ఇంట్లో ఇంకో కవయిత్రి

పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ కవి జాన్ మిల్టన్ సానెట్లలో పదోది ఒక స్త్రీని ఉద్దేశించి రాసింది. అయితే పద్నాలుగు పాదాల్లో మొదటి ఎనిమిదీ ఆమె తండ్రి గురించే. ఆయన దేశ ఖజానాకు అధిపతి, రాజు సలహా మండలికి అధ్యక్షుడు. రెండు పదవుల్లోనూ లంచం మచ్చ అంటనివాడు. పార్లమెంటు రద్దయిందన్న వార్త విని గుండె పగిలి పోయినవాడు. కైరోనియా యుద్ధంలో గ్రీకుల స్వేచ్ఛ పోయిందని తెలిసి ప్రాణం విడిచిన వృద్ధ వక్త ఐసోక్రటీస్‌తో మిల్టన్ ఆయన్ని పోలుస్తాడు. అసలు ఎవరిని ఉద్దేశించి రాశాడో ఆమె పేరు పద్యంలో అన్నిటికన్నా చివరి మాటగా గానీ రాదు: మార్గరెట్.

ఈ మార్గరెట్ లే, మార్ల్‌బరో మొదటి ఎర్ల్ జేమ్స్ లే కూతురు. 1642లో మిల్టన్ పెళ్ళి చేసుకున్నాడు. నెల తిరిగేసరికి భార్య మేరీ పావెల్ పుట్టింటికి వెళ్ళిపోయి, పిలిచినా రాలేదు. ఆ ఒంటరి రోజుల్లో మిల్టన్ సాయంత్రాలు మార్గరెట్ ఇంట్లో గడిపేవాడనీ, ఆమె మహా చమత్కారి, తెలివైన మనిషి అనీ ఆయన మేనల్లుడు ఎడ్వర్డ్ ఫిలిప్స్ తర్వాత రాశాడు. 1642లోనే రాజుకీ పార్లమెంటుకీ మధ్య అంతర్యుద్ధం మొదలైంది. అందులో మార్గరెట్ భర్త హాబ్సన్ పార్లమెంటు పక్షం వాడు. సానెట్ 1645 నాటి మిల్టన్ పద్యసంపుటంలో అచ్చయింది. ఇంగ్లిష్ సాహిత్యం చదువుకున్నవాళ్ళకి లే కుటుంబం పేరు తెలిసిందంటే ఈ పద్నాలుగు పాదాల వల్లే.

ఆ ఇంట్లోనే ఇంకో కూతురు ఉంది. హెస్టర్. పెళ్ళయ్యాక హెస్టర్ పుల్టర్. లండన్‌కు ఉత్తరాన హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో, కాటర్డ్ అనే పల్లె పక్కన బ్రాడ్‌ఫీల్డ్ హాల్‌లో ఉంటూ దాదాపు 120 పద్యాలు, అసంపూర్ణమైన ఒక వచన కథ రాసింది. అచ్చులో ఒక్క ముక్క రాలేదు. 1678లో చనిపోయింది. 1996లో లీడ్స్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పాత రాతప్రతుల పద్యాలను జాబితా చేస్తున్నప్పుడు మార్క్ రాబ్సన్ అనే పరిశోధకుడి కంట పడేదాకా, ఈమె కవయిత్రి అన్న సంగతే సాహిత్య చరిత్రకు తెలియదు.

ఇలా ఆలస్యంగా దొరికిన రచయిత్రులను పరిచయం చేసేటప్పుడు ఒక అలవాటు ఉంది. ముందు తండ్రి ఎవరో, మొగుడు ఎవరో, ఏ పెద్దమనిషికి చుట్టమో చెప్పి, ఆ బలంతో పాఠకుణ్ణి పద్యాల దగ్గరికి తీసుకెళ్ళడం. హెస్టర్ విషయంలో ఆ దారి చాలా సులువు. తండ్రి ఎర్ల్, తోబుట్టువు మిల్టన్‌కు స్నేహితురాలు. కానీ ఆ దారిన వెళితే ఆమె పద్యాలు అర్థం కావు. ఎందుకంటే మనకు అందిన ఆ కుటుంబ చిత్రం మార్గరెట్ చెప్పగా మిల్టన్ గీసింది. హెస్టర్ చిత్రం వేరు.

ముందు తండ్రి సంగతి. జేమ్స్ లే పుట్టుకతో ఎర్ల్ కాదు. విల్ట్‌షైర్‌లో టెఫాంట్ అనే ఊరికి చెందిన హెన్రీ లే అనే చిన్న భూస్వామికి ఆరో కొడుకు. ఇంగ్లండ్ వారసత్వ పద్ధతిలో ఆరో కొడుక్కి దక్కేదేమీ ఉండదు. చదువుకుని బతకాలి. ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, లింకన్స్ ఇన్‌లో న్యాయవిద్య ముగించి, మెట్టుమెట్టుగా పైకి వచ్చాడు. 1604 నుంచి 1608 దాకా ఐర్లండ్‌లో ప్రధాన న్యాయమూర్తి. తిరిగొచ్చాక కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో రాజు తరఫు న్యాయవాది. తండ్రి పోయిన మైనరు వారసుల ఆస్తిని, వాళ్ళ పెళ్ళి సంబంధాలను రాజు పేరున చూసుకునే కోర్టు అది. రాజుకు మంచి రాబడి, అందులో పనిచేసేవాళ్ళకు అంతకన్నా మంచి పలుకుబడి. 1621లో ఇంగ్లండ్ కింగ్స్ బెంచ్ ప్రధాన న్యాయమూర్తి, 1624లో లార్డ్ ట్రెజరర్, అంటే ఖజానా అధిపతి, 1626లో ఎర్ల్ అనే ప్రభు బిరుదు. అప్పటికి ఆయనకు డెబ్బై దాటింది.

ఈ ఎదుగుదలలో ఒక ఘట్టం దగ్గర కాస్త ఆగాలి. 1621లో ఛాన్సలర్, అంటే రాజ్యంలో అత్యున్నత న్యాయాధికారి, ఫ్రాన్సిస్ బేకన్ లంచాలు తీసుకున్నాడని పార్లమెంటు తేల్చింది. ప్రభువుల సభకు అధ్యక్ష స్థానంలో కూర్చోవాల్సింది మామూలుగా ఛాన్సలరే. ముద్దాయి ఆయనే కాబట్టి ఆ కుర్చీలో జేమ్స్ లే కూర్చున్నాడు. మే 3న శిక్ష చదివి వినిపించింది ఆయనే: 40,000 పౌండ్ల జరిమానా, రాజు ఇష్టమున్నన్నాళ్ళు టవర్‌లో ఖైదు. మిల్టన్ సానెట్‌లోని లంచం మచ్చ అంటని మనిషి అన్న పొగడ్త వెనక ఈ సన్నివేశం కూడా ఉండే ఉంటుంది.

అయితే తోటి న్యాయమూర్తి జేమ్స్ వైట్‌లాక్ తన సొంత పుస్తకంలో రాసుకున్న మాట వేరు. జేమ్స్ లే ఓ ముసలి కపట నటుడట. జనం ఈయన్ని వోల్పోనీ అని పిలిచేవాళ్ళట. బెన్ జాన్సన్ నాటకంలో చావు నటిస్తూ అందరి దగ్గరా కానుకలు గుంజే జిత్తులమారి నక్క పేరది. ప్రధాన న్యాయమూర్తిగా ఉండగా కింది న్యాయమూర్తుల దగ్గర అప్పులు చేసేవాడని కూడా అంటాడు. వైట్‌లాక్ మాటల్లో పాత కక్ష ఎంతో, నిజం ఎంతో తూచడం కష్టం. కానీ 1621లో ఈ ముసలాయన మూడో పెళ్ళి చేసుకున్న జేన్ బోట్లర్, రాజుకు అత్యంత ఇష్టుడైన బకింగ్‌హామ్ డ్యూక్‌కు దగ్గర బంధువు అన్నది మాత్రం నిజం. ఆ తర్వాత పదవులు ఒకదాని వెంట ఒకటి రావడం అప్పటి జనం గమనించకుండా ఉండరు.

చావు విషయంలో మాత్రం మిల్టన్ తేదీలు సరిపోతాయి. ఛార్లెస్ రాజు 1629 మార్చి 10న పార్లమెంటును రద్దు చేశాడు. తర్వాత పదకొండేళ్ళు పార్లమెంటు లేకుండానే పాలించాడు. జేమ్స్ లే మార్చి 14న పోయాడు. డెబ్బై దాటి చాన్నాళ్ళయిన మనిషి నాలుగు రోజుల తేడాలో చనిపోతే అది రాజకీయ దుఃఖమా, వయసా? మిల్టన్‌కు ఈ సంగతి ఎలా తెలిసిందో సానెట్ చివరి పాదాలే చెబుతాయి. మీ నాన్న వెలిగిన రోజులు చూడలేనంత ఆలస్యంగా పుట్టాను, అయినా మీ మాటల్లో ఆయన ఇంకా బతికున్నట్టే కనబడుతున్నాడు అంటాడు. అంటే ఈ జేమ్స్ లే, యుద్ధం మొదలైన రోజుల్లో పార్లమెంటు పక్షం ఇంట్లో కూర్చుని ఒక కూతురు చెప్పిన నాన్న. రాజు చేసిన పనికి గుండె పగిలిన నాన్న.

హెస్టర్ ఎప్పుడు పుట్టిందన్న ప్రశ్నకు జవాబు దొరికేది కూడా ఈ నాన్న ఉద్యోగాల జాబితాలోనే. ఆమె రాతప్రతిలో ఒక పద్యానికి శీర్షిక ఇలా ఉంది: 1667 మే నెలలో, జబ్బుతో, దుఃఖంతో మనసు బాగా కుంగినప్పుడు, డెబ్బై ఒక్కేళ్ళ వయసులో రాసింది. ఆ లెక్కన 1596లో పుట్టాలి. కానీ ఆమె పుట్టింది డబ్లిన్ దగ్గర అన్న ఆధారం వేరే ఉంది. తండ్రి ఐర్లండ్ వెళ్ళిందే 1604లో. అందుకే పరిశోధకులు ఇప్పుడు 1605 వైపే మొగ్గుతున్నారు. అలాగైతే 1667లో ఆమెకు అరవై రెండు. అంకెలు రాసేటప్పుడు పొరపాటు జరిగిందనుకోవచ్చు. పద్యం చదివితే ఆ నీరసం ఎనభై ఏళ్ళ మనిషిదని చెప్పినా నమ్ముతాం.

తల్లి మేరీ, జేమ్స్ లే మొదటి భార్య. ఆమెకు పదకొండు మంది పిల్లలు, వాళ్ళలో ఎనిమిది మంది ఆడపిల్లలు. తండ్రి ఎంత సంపాదించినా ఎనిమిది మందికి కట్నాలివ్వడం మాటలు కాదు. హెస్టర్‌కు చిన్న వయసులోనే హర్ట్‌ఫర్డ్‌షైర్ భూస్వామి ఆర్థర్ పుల్టర్‌తో పెళ్ళయింది. ఆస్తి ఉంది, పేరున్న పాత వంశం. అంతకుమించి ఆర్భాటం లేదు. తండ్రికి ఎర్ల్ హోదా వచ్చింది ఆ తర్వాత. అందుకే ఆమెను లేడీ అని పిలవడం మొగుడి వల్ల వచ్చింది కాదు, నాన్న వల్ల వచ్చింది. ఆర్థర్ చివరిదాకా సర్ కూడా కాలేదు.

ఆర్థర్ గురించి 1700లో అచ్చయిన హర్ట్‌ఫర్డ్‌షైర్ చరిత్రలో హెన్రీ ఛాన్సీ రెండు ముక్కలు రాశాడు. యుద్ధం మొదలవగానే ప్రభుత్వ పదవులన్నీ వదిలేసి ఇంటిపట్టున ఉండిపోయాడనీ, భార్య పోరు పడలేక అందమైన ఇటుక ఇల్లు కట్టడం మొదలుపెట్టి, పూర్తి చేయకుండానే పోయాడనీ. ఛాన్సీకి ఆమె కవిత్వం సంగతి తెలియదు. చరిత్ర గ్రంథంలో హెస్టర్ ఇల్లు కట్టమని మొగుణ్ణి సతాయించిన ఇల్లాలిగా మిగిలింది. యుద్ధకాలంలో తటస్థంగా ఉండటం ఆర్థర్‌కు తెలివైన పనే. రాజు పక్షాన చేరినవాళ్ళ భూములు జప్తయ్యాయి, జరిమానాలు పడ్డాయి. హర్ట్‌ఫర్డ్‌షైర్ గట్టి పార్లమెంటు జిల్లా. మొగుడు నోరు మూసుకున్నాడు. పెళ్ళాం రాసుకుంది.

ఏం రాసుకుంది? "ఎందుకు నేనెప్పుడూ ఇలా బందీగా ఉండాలి, మనసుకున్న గొప్ప స్వేచ్ఛకు విరుద్ధంగా" అని మొదలయ్యే పద్యం ఒకటుంది. రెక్కలు నెరిసిన చిమ్మెట, జిగేలుమనే ఈగ తమతమ లోకాల్లో హాయిగా తిరుగుతున్నాయి. తేనెటీగ గూడు వదిలి వెయ్యి పూల మీద వాలుతుంది. ఇలా పురుగుల నుంచి మొదలుపెట్టి పక్షుల్ని, జంతువుల్ని, నీళ్ళని వరసగా పిలుస్తుంది. దేనికీ లేని గొళ్ళెం నాకే ఎందుకు, ఈ పల్లెటూరి కొంపలో నన్నెందుకు మూసిపెట్టారు అన్నది దాని సారాంశం. ఈ పద్యాన్ని కేవలం స్త్రీ స్వేచ్ఛ కోసం పెట్టిన కేకగా చదివేవాళ్ళున్నారు. ఆ అర్థం అందులో ఉంది, కాదనలేం. కానీ ఆ పల్లెటూరి కొంప రాజకీయ కారణాల వల్ల తలుపులు వేసుకున్న ఇల్లు కూడా. తండ్రి ఇల్లు లండన్‌లో దేశ వ్యవహారాల నడిబొడ్డున ఉండేది. మొగుడి ఇల్లు వాటి నుంచి తప్పుకున్న ఇల్లు. ఈ తేడా తెలిసినప్పుడే బందీ అన్న మాట బరువు పూర్తిగా తెలుస్తుంది.

ఇంకో పద్యం శీర్షికే ఒక చిన్న వైద్య నివేదిక. 1648లో కొడుకు జాన్ పుట్టినప్పుడు రాసింది. అతను పదిహేనో బిడ్డ. పది పగళ్ళు, పది రాత్రులు తలగడ మీది నుంచి తల ఇసుమంత కూడా కదపలేనంత నీరసం అని ఆమే చెప్పుకుంది. పద్యం మంచం మీదే మొదలవుతుంది. నొప్పి, దిగులు నన్ను ఏలేయకుండా, నా ఆలోచనలు స్వేచ్ఛగానే ఉన్నాయి కాబట్టి వాటిని ఎగిరిపొమ్మన్నాను అంటుంది. అవి చీకటిని దాటి గ్రహాల మధ్యకు పోతాయి. హెస్టర్ ఆకాశం పాత పురాణాల ఆకాశం కాదు. సూర్యుడు మధ్యలో ఉంటే భూమి దాని చుట్టూ తిరుగుతుందన్న కొత్త ఖగోళం ఆమెకు తెలుసు, ఆ ఊహ ఆమె పద్యాల్లో పదేపదే కనిపిస్తుంది. విశ్వవిద్యాలయాల్లోనే దాని మీద తగవు తీరని రోజుల్లో, తల కదపలేని బాలింత దాన్ని పద్యంలోకి తెచ్చింది. ఆడవాళ్ళకు కాలేజీ గడప ఎక్కే వీలులేని కాలం అది. ఇంత చదువు ఎక్కడిదంటే నాన్న ఇంటి వాతావరణమే అనుకోవాలి. జేమ్స్ లే పురావస్తు పరిశోధకుల సంఘంలో సభ్యుడు, చరిత్ర వ్యాసాలు రాసినవాడు.

పదిహేను మంది పిల్లల్లో దాదాపు అందరూ తల్లి కళ్ళ ముందే పోయారు. వాళ్ళలో జేన్ 1640ల నడుమ, ఇరవై ఏళ్ళ వయసులో పోయింది. ఆమె మీద రాసిన స్మృతిగీతం హెస్టర్ పద్యాల్లో ఇప్పుడు ఎక్కువమంది చదివేది. పిల్లల్ని ప్రేమగా పెంచి, వాళ్ళు నిండు యవ్వనంలో ఉండగా చూసుకున్న తల్లిదండ్రులారా, నాకోసం ఒక్క కన్నీటి బొట్టు అప్పివ్వండి, నేనూ మీకు అంతే చేస్తాను అని మొదలవుతుంది. బదులు తీరుస్తాననే మాట తర్వాత ఒక మెలిక పెడుతుంది: నా కన్నీళ్ళ నిల్వ నా దుఃఖానికే చాలకపోతే తప్ప. ఇది లెక్కల మనిషి కూతురి ఏడుపు. ఎంత శోకంలోనూ ఇచ్చిపుచ్చుకోవడాల పద్దు తప్పదు.

తర్వాత జేన్ పోయి ఎన్నాళ్ళయిందో చెప్పాలి. నేల తన పూల దుప్పటిని రెండుసార్లు తీసి పక్కన పడేసింది, యూదుల్లాగా చైనావాళ్ళలాగా రెండుసార్లు తెల్లటి మంచుబట్ట కట్టుకుని మైలపట్టింది అంటుంది. రెండు శీతాకాలాలు గడిచాయన్నమాట. ఇంగ్లండ్‌లో సంతాపానికి నలుపు రంగు. అయినా ఆమె పుస్తకాల్లో చదివిన దూరదేశాల ఆచారం తెచ్చి మంచుకు తొడిగింది. తెలుపు కట్టడం తెలిసిన తెలుగు పాఠకుడికి ఈ పాదం దగ్గర వివరణ అక్కర్లేదు, సగటు ఇంగ్లిష్ పాఠకుడికి కావాలి. ఇంకాస్త ముందుకెళ్తే జేన్ ఒంటి మీద జబ్బు మచ్చల వర్ణన వస్తుంది. వేటకుక్కలు తరుముతుంటే, గుండెలో బాణం దిగిన లేడి, ఎవరూ తొక్కని మంచు మీద పరుగెడుతుంది. దాని పక్కనుంచి కారే నెత్తురు తెల్లటి మంచు మీద బొట్లు బొట్లుగా పడుతుంది. ఆ పిల్ల ఒంటి మీద మచ్చలు అలా కనిపించాయట. రెండేళ్ళ తర్వాత కూడా ఆ ఒంటిని అంత దగ్గరగా చూడగలగడం, చూసి అందంగా చెప్పడం, ఈ రెండూ ఒకేసారి జరగడం వల్ల పద్యం చదివేవాణ్ణి ఇబ్బంది పెడుతుంది. పెట్టాలనే రాసి ఉంటుంది. ఆ వెంటనే రాసిన ఇంకో చిన్న పద్యం ఈ పనికి వ్యతిరేక దిశలో నడుస్తుంది. "ఇంక చెప్పకండి నాకు, దాని జుట్టు చక్కటి గోధుమరంగని" అంటూ మొదలుపెట్టి, కూతురి అందాన్ని ఒక్కొక్కటిగా వద్దు వద్దంటూనే మొత్తం చెప్పేస్తుంది.

రాజకీయాలకొస్తే, హెస్టర్ ఏ దాపరికమూ లేని రాజపక్షం. 1647లో ఛార్లెస్ రాజును హోమ్‌బీ భవనంలో నిర్బంధించినప్పుడు థేమ్స్ నది నోట ఏడుపు పాట పాడించింది. అదే ఏడు లండన్‌లో ఉన్న కూతుళ్ళను పల్లెకు రమ్మని పిలుస్తూ ఒక పద్యం రాసింది. గొర్రెలు, గడ్డి, వాగులు అన్నీ వర్ణించి, రాజు లేక ఇవన్నీ కళ తప్పాయని వాపోయింది. 1648 ఆగస్టులో కోల్‌చెస్టర్ ముట్టడి ముగిశాక పార్లమెంటు సైన్యం కాల్చి చంపిన రాజపక్ష సేనానులు చార్లెస్ లూకస్, జార్జ్ లైల్‌ల మీద రాసింది. మరుసటి జనవరిలో రాజు తల తెగాక, ఇకపై లూకస్‌కీ లైల్‌కీ ఎవరూ నిట్టూర్పు విడవకండి, ఈ దీవి ప్రాణమే పోయింది అని రాసింది.

ఇక్కడే ఇద్దరు కూతుళ్ళ కథలు అడ్డం తిరుగుతాయి. మార్గరెట్ కథలో రాజు పార్లమెంటును కూల్చితే తండ్రి కూలిపోయాడు. హెస్టర్ కథలో పార్లమెంటు రాజును కూల్చితే లోకం కూలిపోయింది. హెస్టర్‌ను తండ్రి బాటలో నడిచిన కూతురు అనాలా, తండ్రిని ధిక్కరించిన కూతురు అనాలా? నిజానికి రెండూ అనక్కర్లేదు. జేమ్స్ లే ప్రతి మెట్టూ రాజు అనుగ్రహంతో ఎక్కినవాడు. ఎర్ల్ బిరుదు ఛార్లెస్ ఇచ్చిందే. ఆ ఇంటి కూతురు రాజభక్తురాలు కావడంలో వింతేమీ లేదు. వింతగా కనబడేది మార్గరెట్ వాదమే. అది మిల్టన్ కలం పట్టడం వల్ల అసలు కథ అయి కూర్చుంది.

పోనీ హెస్టర్‌ది కళ్ళు మూసుకున్న భక్తి అనుకుందామంటే ఆమె వచన కథ ఒప్పుకోదు. 'అభాగ్యురాలు ఫ్లోరిండా' అన్న ఆ కథ స్పెయిన్ పాత గాథ మీద నడుస్తుంది. రోడెరిగో రాజు ఫ్లోరిండాను చెరుస్తాడు. ఆమె తండ్రి జూలియన్ పగబట్టి ఉత్తర ఆఫ్రికా ముస్లింలైన మూర్‌లను దేశం మీదికి పిలుస్తాడు. రాజు పతనం, రాజ్యం పతనం. రాజు చేసిన నేరానికి రాజ్యమే పోవడం న్యాయమా అన్న ప్రశ్న, రాజు తల తీయడాన్ని ఘోర హత్య అన్న కలం నుంచే వచ్చింది. కథ పూర్తి కాలేదు. రాజును దేవుడి ప్రతినిధిగా చూడటం, ఒక ఆడపిల్లకు జరిగిన అన్యాయాన్ని ఏ రాజుకీ క్షమించకపోవడం, రెండూ ఆమెలో పక్కపక్కనే ఉన్నాయి. ఒకదానికోసం రెండోదాన్ని సవరించే ప్రయత్నం కూడా చేయలేదు.

ఇవన్నీ ఉన్న రాతప్రతి ఒకటే. ఎక్కువ భాగం ఒక లేఖరి చేత శుభ్రంగా రాయించింది, మధ్యమధ్య ఆమె సొంత దిద్దుబాట్లున్నాయి. పద్యాల భాగానికి రచయిత్రి పేరు హెస్టర్ అని ఉండదు, ఉదాత్తురాలైన హదస్సా అని ఉంటుంది. బైబిల్లో ఎస్తేరు రాణి అసలు పేరు హదస్సా. హెస్టర్, ఎస్తేరు ఒకటే పేరు. ఆ రాణి కూడా అంతఃపురంలో తన వంశం బయటపెట్టకుండా ఉన్నదే. రెండో విభాగం ఎంబ్లెమ్ పద్యాలు, 53. బొమ్మ, దాని కింద నీతి పద్యం అన్నది అప్పటి యూరప్ అంతటా నడిచిన పద్ధతి. హెస్టర్ ప్రతిలో బొమ్మలు లేవు, పద్యాలే ఉన్నాయి. ఏనుగు, ముళ్ళపంది, సాలీడు, కాళ్ళు లేవని అప్పట్లో నమ్మిన స్వర్గపక్షి. ఒకదాంట్లో తులిప్, గులాబీ పూలను కాల్చిన బూడిద నుంచి రసవాదులు మళ్ళీ పువ్వును లేపుతారన్న నమ్మకాన్ని తీసుకుని, పువ్వుకే అది సాధ్యమైతే మట్టైపోయిన మనిషికెందుకు కాదు అంటుంది. ఇలాంటి వాదన అన్నిసార్లు చేసిందంటే ఎందుకో, పిల్లల సమాధుల లెక్క తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు.

అచ్చువేయకపోవడాన్ని అణచివేత అని ఒక్క మాటలో తేల్చేయడం సరికాదు. పెద్దింటి మనుషులు, మగవాళ్ళు సహా, పద్యాలు చేతిరాతలోనే నలుగురికీ పంచుకునే కాలమది. అదే కాలపు కవయిత్రి కేథరీన్ ఫిలిప్స్ పద్యాలు 1664లో ఆమె అనుమతి లేకుండా అచ్చయితే పరువు పోయినట్టు బాధపడింది. పైగా 1650లలో రాజహత్య మీద ఏడుస్తూ పద్యాలు అచ్చువేస్తే భర్త జాగ్రత్తంతా గంగలో కలిసేది. ఆ విధంగా పుట్టినింటి చదువు ఆమెకు కలాన్నిస్తే, మెట్టినింటి మౌనం ఆ రాతల్ని పెట్టెలో పెట్టించింది.

మగ వారసత్వం మాత్రం ఈ కుటుంబంలో ఎక్కువ కాలం నిలవలేదు. హెస్టర్ మేనల్లుడు, మార్ల్‌బరో మూడో ఎర్ల్ జేమ్స్ లే నావికుడు. మన దేశ చరిత్రలో ఒక చిన్న అధ్యాయం అతనిది. పోర్చుగీసువాళ్ళు కట్నం కింద రెండో ఛార్లెస్‌కిచ్చిన బొంబాయిని స్వాధీనం చేసుకోవడానికి 1662లో వచ్చిన నౌకాదళానికి నాయకుడు అతనే. పోర్చుగీసు అధికారులు ఇవ్వమని మొండికేశారు. అతను వెనక్కి వెళ్ళిపోయాడు. వెంట వచ్చిన అబ్రహాం షిప్‌మన్, అతని సైనికుల్లో చాలామంది గోవా దగ్గర అంజదీవ్‌లో పడిగాపులు కాస్తూ చచ్చిపోయారు. ఎర్ల్ 1665లో లోస్టాఫ్ట్ నావికా యుద్ధంలో పోయాడు. బిరుదు బాబాయి విలియమ్‌కు వెళ్ళి, 1679లో అతనితో ఆగిపోయింది. పుల్టర్ ఆస్తి కూడా కూతురి కొడుకు జేమ్స్ ఫారెస్టర్ చేతికి పోయింది. అంటే లే పేరుకీ పుల్టర్ పేరుకీ మోసేవాళ్ళు లేకుండా పోయారు. వంశంలో ఎవరో ఒకరు మా ముత్తవ్వ రాసినవి అని అచ్చువేయించే అవకాశం అలా పోయింది.

ఎలిస్ ఎర్డ్‌లీ సంపాదకత్వంలో 2014లో పద్యాలు, కథ కలిపి పుస్తకంగా వచ్చాయి. 2018లో వెండీ వాల్, లియా నైట్ కలిసి ఆమె పద్యాలన్నిటికీ ఉచిత ఆన్‌లైన్ సంచిక మొదలుపెట్టారు. ఒక్కో పద్యానికి వేర్వేరు సంపాదకులు వేర్వేరు పాఠాలు, వ్యాఖ్యలు ఇస్తారు. మంచి పనే. అయితే సంకలనాలు ఆమె నుంచి ఎప్పుడూ జేన్ స్మృతిగీతాన్నీ, బందీ పద్యాన్నీ, ఆకాశయానాన్నీ ఏరుకోవడం వల్ల ఏడ్చే తల్లి, ఎగిరే ఖైదీ అన్న రెండు ముఖాలే స్థిరపడుతున్నాయి. నవ్వే హెస్టర్ అంతగా బయటికి రాలేదు.

కవి విలియమ్ డావెనంట్‌కు సుఖవ్యాధి వల్ల ముక్కు పోయింది. ఊళ్ళో ప్రతి కవీ దాని మీద ఒక జోకు వేసినవాడే. హెస్టర్ కూడా, ఆయన ముఖద్వారానికి ప్రధాన అలంకారం పోయినందుకు సానుభూతి అన్న శీర్షికతో, ముఖపరిచయం లేని మనిషిగా ఆయనకు పద్యం రాసింది. మీ నష్టానికి మహా చింతిస్తున్నాను, మీరిప్పుడు శిలువ లేని చీప్‌సైడ్‌లా ఉన్నారు, ముల్లు లేని సూర్యగడియారంలా ఉన్నారు అంటుంది. చీప్‌సైడ్ లండన్‌లో పెద్ద బజారు. దాని మధ్యలో ఎత్తయిన పాత శిలువ స్తంభాన్ని 1643లో పార్లమెంటు ఆదేశంతో కూలగొట్టారు. డావెనంట్ కూడా రాజపక్షమే. ఆయన ముక్కు మీద వేళాకోళం ఆడుతూనే, అదే పాదంలో మార్గరెట్ మొగుడి పక్షం చేసిన పనిని కూడా హెస్టర్ ఒక పోటు పొడిచింది.